మిషను ఆగిన పూట

మా చెల్లెలి మనవరాలు బ్యాంకులో ఆఫీసరుగా చేరి ఎనిమిది నెలలయింది. మొన్నొక సాయంత్రం ఫోను చేసి, "పెద్దమ్మమ్మా, ఇవాళ మూడు గంటలసేపు సిస్టం డౌన్. జనం అరుస్తూ ఉంటే తల వంచుకుని కూర్చున్నాం. మీ రోజుల్లో ఏం చేసేవారు?" అని అడిగింది. ఏదో చెప్పాను గానీ ఆ జవాబు నాకే చాల్లేదు. 1979లో శ్రీకాకుళం జిల్లాలో గుమస్తాగా చేరాను, 2017లో విశాఖపట్నంలో మేనేజరుగా రిటైరయ్యాను. సర్వీసులో సగం లెడ్జర్లతో, సగం కంప్యూటర్లతో గడిచింది. ఆ పిల్ల అడిగినదానికి తీరిగ్గా రాసుకున్న జవాబు ఇది.

1. లెక్క ముందు మన బుర్రకు తెలియాలి

నేను చేరిన రోజుల్లో బ్రాంచి అంటే లెడ్జర్లే. ఒక్కో లెడ్జరు రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చినవాళ్ల చేతిలో ఇత్తడి టోకెన్ పెట్టేవాళ్లం. ఫారం లెడ్జరు గుమస్తా దగ్గరికి వెళ్లి, అక్కడ ఖాతాలో రాసి, ఆఫీసరు సంతకం సరిచూసి, క్యాషియరు దాకా చేరాక నంబరు పిలిచేవారు. సాయంత్రం లెడ్జర్లన్నీ కూడితే ఆ మొత్తం జనరల్ లెడ్జరుతో కలవాలి. పది పైసలు తేడా వచ్చినా ఇంటికి వెళ్లేది లేదు.

మా హెడ్ క్లర్కుగారు నాకు నేర్పిన మొదటి విద్య తొమ్మిది లెక్క. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎక్కడో పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారయ్యాయని అనుమానించాలి. అలా పోగా వచ్చిన అంకె ఎంతో, తారుమారైన అంకెల మధ్య తేడా అంత. ఒకరోజు 54 రూపాయలు తేడా వచ్చింది. తొమ్మిదారులు యాభైనాలుగు. కాబట్టి ఆరు తేడా ఉన్న జంట అంకెల కోసం వెతకాలి. అరగంటలో దొరికింది, 82 రాయాల్సిన చోట 28 పడింది. ఇరవై రెండేళ్ల పిల్లను, ఆ రాత్రి ఇంటికి వెళ్లి మా నాన్నకు కూర్చోబెట్టి మరీ చెప్పాను.

డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 1984లో బ్యాంకుల కంప్యూటరీకరణకు దారి వేసింది. తర్వాత ఆయనే మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఆ దారిలోనే మా బ్రాంచికి లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు వచ్చాయి. ఉద్యోగాలు పోతాయని భయపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఉద్యోగం పోలేదు. కానీ మిషను వచ్చాక మొదటి వడ్డీ లెక్కల రోజు ఒక స్కూలు మాస్టారి ఖాతా చూసి నాకు గుండె ఆగినంత పనైంది. నిల్వ నాలుగు వేలు, ఆరు నెలల వడ్డీ దాదాపు పదివేలు! వడ్డీ వంద దగ్గర ఉండాలని చేతికి అలవాటు కాబట్టి పట్టుకున్నాను. ఖాతా మిషనులోకి ఎక్కించేటప్పుడు పైసల చుక్క పెట్టడం మరిచిపోయారు, పైసలన్నీ రూపాయలైపోయాయి. వెతికితే అలాంటివి ఇంకో పదకొండు దొరికాయి.

మిషను కూడికలో తప్పు చేయదు. మనం పెట్టిన తప్పును మాత్రం అంతే నమ్మకంగా కూడుతుంది. అందుకే బటన్ నొక్కే ముందే జవాబు ఎంతకు అటూ ఇటూగా ఉండాలో మనసులో ఒక అంచనా ఉండాలి. ఇది బ్యాంకు వాళ్లకే కాదు. కరెంటు బిల్లు చూసే ఇల్లాలికీ, మందు మోతాదు స్క్రీను మీద చూసే నర్సమ్మకూ కావాలి.

2. గాలివాన చెప్పి వచ్చినప్పుడైనా కాగితం మీదకు దించుకోండి

1999 డిసెంబరు గుర్తుందా? పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే రాసేవారు. 00 వస్తే మిషను దాన్ని 1900 అనుకుంటుందేమోనని ప్రపంచమంతా కంగారు. ఆ దిద్దుబాటు పనికే మన పిల్లలు ఎందరో అమెరికా విమానం ఎక్కారు. మా బ్రాంచిలో ఆ డిసెంబరు ఆఖరున ఖాతాల నిల్వలన్నీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద దింపి, కట్టలు కట్టి స్ట్రాంగ్ రూములో పెట్టాం. ఏమీ జరగలేదు. ఆ కట్టలు దండగన్నారు చాలామంది. నాకు మాత్రం ఆ అలవాటు ఉండిపోయింది.

పదిహేనేళ్ల తర్వాత అది పనికొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. అంతకు ముందురోజు శనివారం, అప్పట్లో మాకు సగం పూట పని. తుపాను ఇటే వస్తోందని వాతావరణశాఖ చెబుతూనే ఉంది కాబట్టి, మధ్యాహ్నం తాళం వేసే ముందు పింఛను ఖాతాల నిల్వలు మాత్రం ప్రింటు తీయించాను. ఆరువందల పైచిలుకు ఖాతాలు, పదహారు పేజీలు.

సోమవారం బ్రాంచికి నడిచి వెళ్లాను. ఊళ్లో నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాలి. స్తంభాలు రోడ్ల మీద పడున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు చచ్చిపోయాయి. జేబులో కార్డున్న మనిషికి పాల ప్యాకెట్ కొనే దారి లేదు. మా గేటు దగ్గర అప్పటికే పాతికమంది ముసలివాళ్లు. పోర్టులో రిటైరైనవాళ్లు, టీచర్లు, పింఛను మీదే బతికే ఒంటరి ఆడవాళ్లు. లోపల క్యాషుంది. ఎవరి ఖాతాలో ఎంతుందో చెప్పే మిషనే లేదు.

ఫోను లేదు కనక జోనల్ ఆఫీసుకు మనిషిని చీటీతో పంపాను. సాయంత్రానికి రాతపూర్వకంగా అనుమతి వచ్చింది. పాస్‌బుక్కు ఉన్నవాళ్లకు, శనివారం జాబితాలో నిల్వ చూసి, ఒక్కరికి రెండు వేలు మించకుండా ఇవ్వవచ్చని. మంగళవారం పొద్దున మొదలుపెట్టాం. అప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడింది. నా కింద పనిచేసే కుర్రవాళ్లు తెలివైనవాళ్లే, కానీ చేత్తో స్క్రోలు రాయడం ఒక్కరికీ తెలియదు. ఎవరికి ఏ వరసలో డబ్బిచ్చామో రాసే చిట్టా అది. దాన్ని ఎలా గీయాలో, ఏ గడిలో ఏం రాయాలో, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ఎందుకు చూడాలో ఆ కౌంటరు దగ్గరే నేర్పాల్సి వచ్చింది. టోకెన్లు ఎక్కడున్నాయో మా అటెండరు ఒక్కడికే తెలుసు. స్ట్రాంగ్ రూములో పాత ట్రంకు పెట్టె అడుగున ఉన్నాయవి. చిలుం పట్టిన టోకెన్లను ఆయన చింతపండుతో తోమి తెచ్చాడు.

ఒక పెద్దాయన టోకెన్ చేతిలోకి తీసుకుని, "ఇది పట్టుకుని ఎన్నేళ్లయిందమ్మా" అన్నారు. కళ్లలో నీళ్లు. తుపాను వల్లనో టోకెన్ వల్లనో నేను అడగలేదు.

లైను వచ్చాక ఓచర్లన్నీ ఎక్కిస్తే ఒక్క ఖాతాలో తేడా వచ్చింది. శనివారం ప్రింటు తర్వాత ఒక కోత పడింది, మేమిచ్చింది నిల్వకు మించిపోయింది. కబురు చేస్తే ఆమె మర్నాడే వచ్చి తక్కువ పడ్డ ఎనిమిదివందలూ కట్టి వెళ్లింది.

ఆ వారంలోనే తెలిసిన ఇంకో చిన్న సంగతి: ఇంట్లో కొంత నగదు ఉంచుకునేవాళ్లు చిన్న నోట్లుగా ఉంచుకోండి. అందరి దగ్గరా పెద్ద నోట్లే ఉన్న పూట కొబ్బరిబొండాం అమ్మేవాడి దగ్గర చిల్లర ఉండదు.

3. రెండు దారులు ఒకే గుంతలో ఉంటే అది ఒక్క దారే

కోర్ బ్యాంకింగ్ వచ్చాక ఖాతాలన్నీ ఎక్కడో దూరాన డేటా సెంటరుకు వెళ్లిపోయాయి. ఏ ఊళ్లోనైనా డబ్బు తీసుకోవచ్చు, అది నిజంగా గొప్ప సౌకర్యం. కానీ లైను తెగితే బ్రాంచి బ్రాంచంతా గుడ్డిదవుతుంది. ఒకటి తెగితే ఇంకోటి ఉంటుందని మాకు రెండు లైన్లు ఇచ్చారు. ఒకరోజు రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ ఒక్క పోటు పొడిస్తే రెండూ తెగాయి. రెండు కేబుళ్లూ ఒకే కందకంలో పక్కపక్కన పడుకుని ఉన్నాయి మరి. బ్యాకప్ ఉందని ఎవరైనా చెబితే, అది ఏ దారిన వస్తోంది, ఏ కరెంటు మీద నడుస్తోంది, ఎవరి చేతిలో ఉందని అడగండి. ఇంట్లోనూ అంతే. రెండు పేమెంటు యాప్‌లున్నాయని నిశ్చింతగా ఉంటారు, రెంటికీ వెనక ఉన్నది ఒకే బ్యాంకు ఖాతా, ఒకే సిమ్ము.

4. "సిస్టం డౌన్" అన్నది జవాబు కాదు

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

కొంతకాలం పలాస వైపు పనిచేశాను. అది జీడిపప్పు ఊరు. పిక్కలు కొట్టి పప్పు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన వేళ్లు నల్లబడి, పొరలు లేచి, చివరికి గీతలు అరిగిపోతాయి. ఆధార్ వేలిముద్రతో డబ్బిచ్చే పద్ధతి వచ్చాక ఆ వేళ్లను మిషను గుర్తుపట్టడం మానేసింది.

ఒకామె నాలుగు రోజులు వరసగా వచ్చింది. ప్రతిసారీ వేలు పెట్టడం, ఎర్రలైటు వెలగడం. కౌంటరులో కుర్రాడు, "సిస్టం తీసుకోవట్లేదమ్మా, రేపు రా" అనేవాడు. అతనిలో కఠినత్వమేమీ లేదు, అంతకు మించి తన చేతిలో ఏమీ లేదనుకున్నాడు. అయిదోరోజు ఆమె నా టేబులు దగ్గరికి వచ్చి అరచేతులు చాపి, "నా ఏల్లు అరిగిపోనాయి తల్లీ. మిసను నాను మనిసినే కాదంతంది. నువ్వైనా సూడు" అంది.

ఆమెకు మా బ్రాంచిలోనే ఖాతా ఉంది. పాస్‌బుక్కు మీద ఫొటో ఉంది. విత్‌డ్రాయల్ ఫారం మీద సిరాతో వేలిముద్ర వేయించి, ఆమెను ఎరిగిన మనిషి చేత సాక్షి సంతకం పెట్టించి, మనిషిని ఎదురుగా చూసి డబ్బివ్వడానికి మిషను అక్కర్లేదు. ఆ పద్ధతి పుస్తకాల్లో అప్పుడూ ఉంది. పది నిమిషాల పని. ఆమె నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది. ఆ నాలుగు రోజులూ నేను అద్దాల గదిలోనే ఉన్నాను. అది నా మనసులోంచి పోలేదు, పోకూడదు కూడా.

మిషను ఆగినప్పుడు దెబ్బ అందరికీ సమానంగా తగలదు. కారులో వచ్చినవాడు సాయంత్రం మళ్లీ వస్తాడు. కూలి మానుకుని, ఆటోకు ముప్ఫై రూపాయలు పెట్టుకుని వచ్చిన మనిషికి "రేపు రా" అనే మాట ఒకరోజు తిండి. కాబట్టి మా పిల్లకు చెప్పాను: సిస్టం ఆగిన క్షణంలో కౌంటరు వదిలి ఇవతలకు రా. క్యూలో నిలబడ్డవాళ్లకు మూడు సంగతులు చెప్పు. ఏది ఆగింది, మాకు తెలిసినంతలో ఎప్పటికి వస్తుంది, ఈలోపు ఏ పని జరుగుతుంది. ఎప్పటికొస్తుందో తెలియకపోతే తెలియదని చెప్పు, అరగంటకోసారి మళ్లీ వచ్చి చెప్పు. ముసలివాళ్లను కూర్చోబెట్టు. దూరం నుంచి వచ్చినవాళ్లెవరో అడుగు, లైను రాగానే ముందు వాళ్లది చూడు. జనం కోపం చాలావరకు మిషను మీద కాదు, తల ఎత్తి చూడని మనిషి మీద.

5. కంగారులో రెండోసారి నొక్కకండి

2025 ఏప్రిల్ 12, శనివారం. దేశమంతటా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. నేను రైతుబజారులో ఉన్నాను. నా ముందున్నాయన వంకాయలకు డబ్బు పంపాడు, చక్రం తిరుగుతూనే ఉంది, మళ్లీ పంపాడు, ఇంకోసారి పంపాడు. తర్వాత చూస్తే రెండుసార్లు కట్టయ్యాయి, అమ్మే ఆమెకు ఒక్కటీ చేరలేదు. ఆమె మాత్రం, "ఫరవాలేదు బాబూ, రేపివ్వు" అని సంచీ అందించింది. అట్ట మీద అతని పేరు రాసుకుంది. చెల్లింపులకు ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు అరువు, ఆ పూట నడిచింది అదే.

తెలుసుకోవాల్సింది ఇది. పేమెంటు "పెండింగ్" అని చూపిస్తే ఆగండి. పన్నెండంకెల రిఫరెన్సు నంబరు కాగితం మీద రాసుకోండి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి గడువులు పెట్టింది. మనిషికి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మర్నాటికల్లా మన ఖాతాలోకి తిరిగి రావాలి. దుకాణానికి పంపిందైతే, లేదా ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కట్టయితే, అయిదు రోజుల్లోపు. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయలు మనకు పరిహారం రావాలి. ఈ సంగతి తెలియక బ్యాంకు కౌంటరు దగ్గర ఏడ్చినవాళ్లను చూశాను. ఇంకో మాట, కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్టులో వెతక్కండి. కంగారులో ఉన్నవాళ్ల కోసమే దొంగలు అక్కడ నకిలీ నంబర్లు పెట్టి కూర్చుంటారు. కార్డు వెనకో పాస్‌బుక్కు మీదో ఉన్న నంబరుకే చేయండి.

6. తాళంచెవిని తాళం వేసిన పెట్టెలో పెట్టకండి

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పు ఫైలు ఒకటి ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలితెర మీద కూలబెట్టింది. మన గడియారం ప్రకారం ఉదయం 9.39కి అది బయల్దేరింది. గంటా పద్దెనిమిది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అయినా అప్పటికే ఆ ఫైలుతో కూలిన మిషన్లు చాలావరకు లేవలేదు. లేవని మిషనుకు దూరం నుంచి మందు పంపే వీల్లేదు కదా, చాలాచోట్ల ఒక్కోదాని దగ్గరికి మనిషి వెళ్లి ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ ఫొటో చూసి చాలామంది నవ్వుకున్నారు. నాకు ఆ రాసినవాళ్ల మీద గౌరవం కలిగింది. సీటు నంబరు చేత్తో రాసి మనుషుల్ని విమానం ఎక్కించారు.

డిస్కుకు తాళం పడి ఉన్న మిషన్లకు ఒక్కోదానికి 48 అంకెల రికవరీ కీ కూడా కావాల్సి వచ్చింది. ఆ కీల జాబితాను ఇంకో అలాంటి మిషనులోనే దాచుకున్నవాళ్ల గతి ఊహించుకోండి.

7. ఇంట్లో ఒక నోటు పుస్తకం

ఇది నా ఇంటి సంగతి. మా వారు పోయిన వారానికి కరెంటు బిల్లు గడువొచ్చింది. ఆయన ఫోనులోంచి కట్టేవారు. ఫోను తెరిచే నంబరు నాకు తెలియదు. గ్యాసు బుకింగు ఆ నంబరు మీదే, బీమా ప్రీమియం కబుర్లు ఆ ఫోనుకే, ఆయన ఖాతాలో ఓటీపీ వచ్చేదీ దానికే. జీవితమంతా ఊరివాళ్ల ఖాతాలు చూసినదాన్ని, సొంత ఇంటి లెక్కలు ఎక్కడున్నాయో తెలియక రెండు వారాలు బీరువాలు వెతికాను. దుఃఖంలో ఉన్న మనిషికి రావాల్సిన కష్టం కాదది.

ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏ బ్యాంకులో ఏ ఖాతా, నామినీ ఎవరు, ఏ పాలసీ, ఏ బిల్లు ఏ నంబరు మీద. పిన్ను, పాస్‌వర్డు మాత్రం అందులో రాయొద్దు. నామినీ సరిగ్గా ఉంటే బ్యాంకులో పని సులువుగానే జరుగుతుంది. నామినీ పేరు పడిందో లేదో ఈ వారమే అడిగి చూసుకోండి. పిల్లలకు కనీసం మూడు ఫోను నంబర్లు నోటికి వచ్చేలా చేయండి. ఫోను పోయినరోజు అందరి నంబర్లూ దాంతోపాటే పోతాయి.

8. చేతిపని నెలకోసారైనా చేయాలి

కంప్యూటర్లు వద్దని నేనెప్పుడూ అనను. రాత్రి తొమ్మిదిదాకా పది పైసల కోసం వెతికిన రోజులు మళ్లీ ఎవరికీ రాకూడదు. అప్పట్లో పక్క ఊరి డ్రాఫ్టు చెల్లించడానికే ఎంత ఆలస్యమయ్యేదో నాకు తెలుసు. నా బాధ వేరు. ఇప్పుడు బ్రాంచిల్లో నాలాంటివాళ్లం లేము. చింతపండుతో టోకెన్లు తోమిన అటెండరూ లేడు. ఇంకో హుద్‌హుద్ వస్తే ట్రంకు పెట్టె ఎక్కడుందో చెప్పే మనిషి ఎవరు? పై ఆఫీసుల్లో దీనికి పేజీలకు పేజీలు ప్రణాళికలు ఉంటాయి. అవి ఫైల్లో ఉన్నంతకాలం కౌంటరులో కూర్చున్న పిల్ల చేతికి రావు. నెలలో ఒకపూట, జనం పల్చగా ఉన్నప్పుడు, అరగంట మిషను లేదనుకుని పని చేసి చూడాలి. స్క్రోలు గీయాలి, ఓచరు రాయాలి, కూడాలి. ఆసుపత్రిలో చీటీలు రాసేవాళ్లు, టికెట్లు ఇచ్చేవాళ్లు కూడా.

పోయిన ఆదివారం మా పిల్ల వచ్చింది. వంటయ్యాక వరండాలో కూర్చోబెట్టి, నలభై ఓచర్లు రాసిచ్చి స్క్రోలు రాయమన్నాను. మధ్యలో ఫోను తీయబోతే వద్దన్నాను. పేజీ కింద కూడి, నేను ముందే వేసిన మొత్తంతో చూసుకుంది. 27 తేడా.

"తొమ్మిదితో పోతోంది పెద్దమ్మమ్మా" అంది. "మూడు తొమ్ముదులు."

నేనేం మాట్లాడలేదు. పెన్సిలు పట్టుకుని పైనుంచి ఒక్కో అంకె మీద వేలు జరుపుతూ వచ్చింది. ముప్ఫై ఒకటో వరుస దగ్గర ఆగింది. 25 ఉండాల్సిన చోట 52 రాసింది.